“మీ ఇల్లే” అన్న నఫీసా బేగం

తప్పు ఈ రాస్తున్న ఉపేందర్‌దే. జనగామ రైల్వే గేటు పక్క ఇల్లు ఎవరిదని ఒక పెద్దమనిషి అడిగితే, ఓటరు లిస్టు సారనుకుని నఫీసా బేగం గడప దాకా తీసుకుపోయాడు. తీరా చూస్తే ఆయన కాగితాల మీద ఆ జాగా ఆసామి!

నఫీసా బట్టలు కుడుతుంది. ఇరవై ఏళ్ల కిందట, ముళ్లకంప తప్ప ఇంకేమీ లేని ఆ జాగాలో పట్టపగలు, అందరూ చూస్తుండగా గుడిసె వేసింది. ఎవరినీ అడగలేదు. గుడిసె కాస్తా రేకుల ఇల్లయింది. గోడకు ఎవరైనా ఆనుకుంటే “నా గోడ ఖరాబైతది, జర జరుగుండ్రి” అని కసిరేది. ఇన్నేళ్లలో ఒక్కడూ వచ్చి ఇది నాదనలేదు.

ఆ పెద్దమనిషి అన్నాడు, అదీ ఆమె ఇచ్చిన చాయ్ తాగాక. కోర్టుకూ ఎక్కాడు.

“అడగకుంట, దాచకుంట, నాదే అనుకుంట పన్నెండేండ్లు దాటినవ్ అక్కా. కానూన్ ప్రకారం ఆయన హక్కు పోయినట్టే” అంది వకీలు విమల. “ఆయనదే అని ఎన్నడన్న ఒప్పుకున్నవా?”

“చస్తె ఒప్పుకోలె.”

అప్పుడు తెలంగాణ ఉద్యమం జోరుమీదుంది. ఒక వాయిదా బంద్‌కు పోయింది, ఇంకొకటి వకీళ్ల ధర్నాకు. నఫీసా రోడ్డు మీద వంటావార్పులో బగారా అన్నం కలుపుతూ “మన జాగల మనం ఉంటమంటే గింత లొల్లి ఎందుకు?” అనేది. రాష్ట్రం గురించో, ఇంటి గురించో ఎవరికీ అర్థమయ్యేది కాదు.

చివరికి ఆమెను బోనెక్కించారు. అవతలి వకీలు తియ్యగా అడిగాడు.

“మా ఆసామి గడప కాడికి వచ్చినప్పుడు ఏమన్నవమ్మా?”

“లోపటికి రాండ్రి, గిది మీ ఇల్లే అన్న.”

విమల తల పట్టుకుంది. అవతలి వకీలు ఎగిరి గంతేసినంత పని చేశాడు. “ఒప్పుకుంది సార్, రాసుకోండి!”

నఫీసా బోను కమ్మీ గట్టిగా పట్టుకుంది. ఇంటికొచ్చిన వాళ్లతో ఆ మాట అనకపోతే చిన్నప్పుడు అమ్మ చెంప పగలగొట్టేది. ఇప్పుడు ఆ మర్యాదే కొంప ముంచుతోందా?

“గదేంది సార్! గడప తొక్కినోళ్లందరికి గదే అంట. పాలాయనకు అన్న, కరెంటు బిల్లు పిలగానికి అన్న. గాళ్లంత పంచుకుంటే నాకు పొయ్యి పెట్టుకునే జాగన్న మిగుల్తదా? రేపు మీరొచ్చినా అంట, జడ్జిసాబొచ్చినా అంట. మీరు గూడ దావా ఏస్తరా?”

కోర్టంతా గొల్లుమంది. జడ్జి కూడా నవ్వు ఆపుకోలేకపోయారు. “మర్యాద పక్కన పెట్టి చెప్పమ్మా. ఇల్లెవరిది?”

“నాది!”

ఆ కేక వరండాలో బంట్రోతుకు కూడా వినిపించింది.

అతిథి మర్యాదకు అన్న మాట హక్కు ఒప్పుకోవడం కాదని జడ్జి దావా కొట్టేశారు. ఆ సాయంత్రం వీధంతా నఫీసా ఇంట్లోనే ఉంది. ఖుబానీ మీఠా గిన్నె మీద గిన్నె ఖాళీ అవుతోంది. ఉన్న ఒక్క కుర్చీలో ఉపేందర్ కాలు మీద కాలేసుకున్నాడు.

“ఖాలా, చిన్నప్పటి సంది గీ కుర్చీల నేనే కూసుంటున్న. పన్నెండేండ్లు దాటింది. ఇగ కుర్చీ నాదే!”

నఫీసా గరిటె ఊపింది.

“నన్నడిగి, నేను కూసోమంటెనే కూసున్నవ్ గదరా! అడిగి కూసున్నోనికి హక్కేడిది? లే, గిన్నెలు కడుగుపో.”