తొమ్మిదీ నలభై, అక్కడి టైము

నా నోరు మంచిది కాదని మా అత్తవారి వైపు అందరూ ఒప్పుకుంటారు. పుట్టింటివాళ్ళు ఇంకా ముందే ఒప్పుకున్నారు. కాగితాల విషయంలో అయితే మరీను. కరెంటు బిల్లు దగ్గర్నుంచి పాస్‌పోర్టు దాకా మా ఇంట్లో ప్రతిదీ ఫైల్లో ఉండాలి, ఫైలు బీరువాలో ఉండాలి. మా అబ్బాయి ఫ్రాన్సు వెళ్ళేటప్పుడు వాడికీ ఒక నీలం ఫైలు సర్ది ఇచ్చాను. ఒక్క కాగితం బయటికి తీసినా మళ్ళీ అందులోనే పెట్టమని ఎయిర్‌పోర్టులో కూడా చెప్పాను. "ఓకే లా అమ్మా, హౌ మెనీ టైమ్స్" అన్నాడు. మేం వచ్చి స్థిరపడ్డ ఈ దేశంలోనే, బెడోక్‌లో పుట్టి పెరిగినవాడు, ఆ 'లా' ఇక్కడి యాసే. నేను తెలుగులో తిడితే ఇంగ్లీషులో నవ్వేవాడు.

వాడికి ఉద్యోగం వచ్చింది పారిస్‌లో కాదు. దేశానికి ఉత్తరాన, పల్లెటూళ్ళ మధ్య ఉన్న ఒక చక్కెర ఫ్యాక్టరీలో. అక్కడ చెరకు ఉండదట, ముల్లంగిలాంటి తెల్లటి బీట్ గడ్డల నుంచి చక్కెర తీస్తారట. నేను నమ్మకపోతే వీడియోలో చూపించాడు. కనుచూపు మేర చదును పొలాలు, రోడ్డు పక్కన ఇంటెత్తు గడ్డల గుట్టలు, ట్రాక్టర్ల చక్రాల నుంచి రాలిన బురదతో నల్లగా తడిసిన తారురోడ్డు. "చెప్పులు పాడవుతాయిరా" అన్నాను. ఆ రోడ్డు చూసి నాకు తోచింది అంతే.

మా ఆయనకు మాత్రం ఆ ప్రాంతం తెగ నచ్చేసింది. మా మామగారు తాలూకాఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. కొన్ని ఊళ్ళు కలిపి ఒక మండలంలాంటిది, ఆ మండలాలన్నిటికీ కలిపి ఒక చిన్న పట్నం, ఆ పట్నంలో సబ్ కలెక్టరులాంటి అధికారి అని అబ్బాయి చెప్పేసరికి ఆయన మురిసిపోయారు. "అచ్చం మన రెవెన్యూ డివిజనేరా నాన్నా" అన్నారు. ఆ డివిజన్లో ఊళ్ళ పేర్లన్నీ మ్యాపులో చూసి, సరిగ్గా పలకడం కూడా రాకపోయినా, భోజనాల దగ్గర నాకు అప్పజెప్పేవారు.

అక్కడ ఉండటానికి వాడికిచ్చిన కార్డు గడువు పెంచుకోవాల్సింది కూడా ఆ పట్నంలోని ఆఫీసులోనే. ఆ పని అక్టోబరులో పడింది. ఫైలు చూసుకోమని ముందు వారంలోనే మూడుసార్లు చెప్పాను. చూశానని మూడుసార్లూ విసుక్కున్నాడు. ఆ రోజు మధ్యాహ్నం మూడూ ఐదుకు, పాయా లేబర్‌లో మా ఆఫీసులో ఉండగా, నా ఫోను మోగింది. అక్కడ ఉదయం తొమ్మిదీ ఐదు. మీటింగూ లేదు, ఏమీ లేదు, టీ తాగుతున్నాను. వాడి పేరు చూడగానే, ఏదో కాగితం మరిచిపోయాడన్నమాట, అనుకున్నాను. కొంచెం తెలిసిరానీ అనుకున్నాను. ఫోను బోర్లా పెట్టి టీ పూర్తి చేశాను.

తొమ్మిదీ నలభైకి ఆ బురద రోడ్డు మీద వాడి కారు జారి, ఎదురుగా గడ్డల లోడుతో వస్తున్న లారీకి కొట్టుకుంది. మాకు తెలిసేసరికి ఇక్కడ సాయంత్రమైంది.

వాణ్ణి తెచ్చుకోవడానికి ఇద్దరం వెళ్ళాం. ప్రమాదం జరిగిన ఊరి పంచాయతీ ఆఫీసు వారానికి రెండు పూటలే తెరుస్తారు. అక్కడ పనిచేసే పెద్దావిడ మా కోసం సెలవు రోజున వచ్చి తలుపు తీసింది. మరణపత్రంలో టైము అంకెల్లో వెయ్యలేదు. తొమ్మిది గంటల నలభై నిమిషాలు అని వాళ్ళ భాషలో అక్షరాల్లో రాసింది. పోలీసులు కారులో దొరికిన వస్తువులు ఇచ్చారు. ఆఫీసుకు కావలసిన కాగితాలన్నీ అందులో ఉన్నాయి, బర్త్ సర్టిఫికెట్‌తో సహా. నీలం ఫైలు గదిలో ఉంది, మిగతా కాగితాలన్నీ వరసగా ఉన్నాయి. అంటే వాడేమీ మరిచిపోలేదు. మరి నాకెందుకు ఫోన్ చేసినట్టు? ఊరికే, అమ్మతో రెండు ముక్కలు మాట్లాడదామని చేశాడేమో. ఆ ప్రశ్న నన్ను మూడేళ్ళు పీక్కుతింది.

మొదటి ఏడాది తద్దినానికి తిథి చూడటానికి పంతులుగారు మా ఫ్లాట్‌కు వచ్చారు. కొడుక్కి తండ్రి పెట్టే తద్దినం. పంతులుగారి చేతిలో పంచాంగం పేజీలు రెండేసి తిరిగిపోతున్నాయి. "ఎన్ని గంటలకమ్మా?" అన్నారు. "తొమ్మిదీ నలభై" అన్నాను. "ఇక్కడి టైమేనా?" అన్నారు. మేమిద్దరం మాట్లాడలేదు. అవుననుకున్నారు పాపం. వాడు పోయిన రోజు ఇక్కడి ఉదయం తొమ్మిదీ నలభైకి సప్తమి. మధ్యాహ్నం ఒంటిగంటకే అష్టమి వచ్చేసింది. వాడు పోయింది ఇక్కడి లెక్కకు మూడూ నలభైకి, అష్టమిలో. ఆ సంగతి నాకు ఆ క్షణంలోనే తెలుసు.

టైము సరిచెయ్యడానికి ఫోను సంగతి చెప్పనక్కర్లేదు కదా అని ఎవరైనా అనొచ్చు. నిజమే. కానీ ఆ మధ్యాహ్నం గురించి నోరు తెరిచానంటే మూడూ నలభై దగ్గర ఆగలేను, మూడూ ఐదు కూడా బయటికి వచ్చేస్తుంది. నా నోరు సంగతి నాకు తెలియదూ. అందుకని మూసుకున్నాను. మూడేళ్ళు నా బిడ్డకు తప్పు రోజున అన్నం పెట్టించాను.

మర్నాడు అష్టమికి మాత్రం వాడికి ఇష్టమైన ముద్దపప్పు, బంగాళదుంప వేపుడు చేసేదాన్ని. మొదటి రెండేళ్ళూ అవి చేసి ఆఫీసుకు పోయాను. ఈ ఏడాది ఆఫీసుకని చెప్పి లీవు పెట్టి ఇంట్లో ఉన్నాను. మధ్యాహ్నం రెండున్నరకు తలుపు తాళం తిరిగింది. మా ఆయన. భుజాన బ్యాగుతో నన్ను చూసి అక్కడే ఆగిపోయారు. ఆయన ఆఫీసు ఆరు దాకా.

"ఒంట్లో బాగాలేదా?" అన్నాను.

"బానే ఉంది. ఇంట్లో ఎవరూ ఉండరనుకున్నాను."

"ఏటా వస్తారా, ఇవాళ?"

బూట్లు విప్పి సోఫాలో కూర్చున్నారు. ఇక నా వల్ల కాలేదు.

"ఏవండీ, తిథి తప్పండీ. వాడు పోయింది ఇవాళ. ఆ రోజు మూడూ ఐదుకి నాకు ఫోన్ చేశాడు. చూసి కూడా ఎత్తలేదు. కావాలనే ఎత్తలేదు" అన్నాను. అని, నేల మీద కూర్చున్నాను.

ఆయన తల ఎత్తలేదు.

"తెలుసు. నువ్వు ఎత్తట్లేదనే నాకు చేశాడు, మూడూ ఏడుకి. సగం దారిలో ఉన్నాడు. బర్త్ సర్టిఫికెట్ రూములో మర్చిపోయాట్ట. ఫోటో ఉంటే పంపు నాన్నా అన్నాడు. గవర్నమెంటాఫీసులో ఫోటోలు ఎవడు చూస్తాడ్రా, వెనక్కెళ్ళి అసలుది తెచ్చుకో అన్నాను. టైమ్ లేదు నాన్నా అన్నాడు. అయితే తొందరగా వెళ్ళు అన్నాను."

తొందరగా వెళ్ళు అన్నమాట ఆయన రెండోసారి కూడా అన్నారు, ఎవరికో అప్పజెబుతున్నట్టు.

వాడి కాగితాల నకళ్ళు బీరువాలో రెండో అర, ఎర్ర ఫైల్లో. నేను ఎత్తి ఉంటే ఆఫీసు కంప్యూటర్లో ఉన్న కాపీ నిమిషంలో పంపేదాన్ని. వాడు వెనక్కి తిరగకుండా ఆ పట్నం చేరేవాడు. ఆ మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను. మింగినా ఆయనకు వినబడింది.

"నువ్వు ఎత్తి ఉంటే పంపేదానివి" అన్నారు.

"పంపేదాన్ని" అన్నాను. కాదని అబద్ధం చెప్పాల్సింది. చెప్పలేకపోయాను.

చాలాసేపు ఇద్దరం ఏడ్చాం, ఎవరి చోట వాళ్ళం. మూడూ నలభై ఎప్పుడు దాటిందో చూసుకోలేదు. తరవాత రెండు కంచాల్లో పప్పన్నం పెట్టాను. ఆయన వేపుడు ముక్కలు పక్కకు పెట్టి తిన్నారు, ఆ ముక్కలు మా వాడి వాటా, మా ఇంట్లో ఎప్పుడూ అంతే.

సాయంత్రం పంతులుగారికి ఫోన్ చేసి, పైసారి నుంచి అష్టమికి పెట్టిస్తామని చెప్పాను. ఆయన కంగారు పడ్డారు.

"మూడేళ్ళు సప్తమికి పెట్టించాను కదమ్మా. అది ఇక్కడి టైమని చెప్పిందెవరు, మీరా, ఆయనా?"

"ఇద్దరం" అన్నాను.