మావయ్య ట్రాక్టరూ, నా మూడు పేజీల ఉత్తరమూ

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇప్పుడు తెలియనివి రోజుకి నాలుగు కొత్తగా బయటపడుతున్నాయి గానీ, బీఎస్సీ ఫిజిక్స్ డిస్టింక్షన్‌లో పాసై, ఉద్యోగం ఇంకా దొరకని ఆ ఏడాది మాత్రం నేను పొరపాటు పడి ఉండొచ్చన్న అనుమానం నాకు జ్వరంలో కూడా వచ్చేది కాదు. ఉక్కునగరంలో మా క్వార్టర్ వరండాలో కూర్చుని, పక్కింటివాళ్ళ గ్యాస్ స్టవ్ దగ్గర్నుంచి నాన్నగారి షిఫ్టు అలవెన్సు దాకా అందరికీ సలహాలు ఇచ్చేదాన్ని. ఎవరైనా అడిగారా అంటే లేదు. (అడిగితేనే చెప్పేవాళ్ళు సలహాదారులు ఎలా అవుతారు?) మా వీధిలో నన్ను వెనకాల 'లాయరమ్మ' అనుకునేవారట. తెలిసి నేను కోప్పడకపోగా, పొగడ్త కాబోలనుకుని ఓ వారం రోజులు నడక కూడా మార్చాను.

అలాంటి నా చేతికి మా మావయ్య ట్రాక్టరు వ్యవహారం చిక్కింది. మావయ్యంటే మా అమ్మ తమ్ముడు. తణుకు వైపునుంచి అమ్మానాన్నల వెనకాలే వచ్చి, కొన్నాళ్ళు స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు పని చేసి, అందులో ఎవరి కిందా ఇమడలేక కూర్మన్నపాలెంలో సొంతంగా నీళ్ళ ట్యాంకరు నడుపుదామని కొత్త ట్రాక్టరు తీసుకున్నాడు. ఆయనకు దొరికింది ఒకే ఒక్క పెద్ద బేరం. ఎత్తు మీదున్న మూడు బ్లాకుల అపార్ట్‌మెంటుకి వేసవి మొత్తం రోజూ పొద్దున్నే ఆరింటికల్లా నీళ్ళు పోయాలి. అక్కడి సెక్రటరీగారు ప్లాంటులో రిటైరైన మనిషి. ఉద్యోగం వదిలినా షిఫ్టు ఆయన్ని వదల్లేదు. ఆరంటే ఆరే, ఆరూ ఐదు అంటే ఆబ్సెంటు. ఆ కాంట్రాక్టు ఉంటే మావయ్య సొంతకాళ్ళ మీద నిలబడినట్టు, పోతే మళ్ళీ ఏ కాంట్రాక్టరు దగ్గరో హెల్మెట్టు పెట్టుకుని నిలబడాలి. ఈ మాట మావయ్య ఎప్పుడూ పైకి అనలేదు గానీ, రోజూ తెల్లారకుండా లేచి ట్రాక్టరు చుట్టూ తిరిగే తీరు చూస్తే మా అందరికీ అర్థమయ్యేది.

కొత్త బండి వచ్చిన రోజు అత్తయ్య దానికి పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయలు తొక్కించి, బోనెట్ ముందు జాలీకి ఓ రేకు దిష్టిబొమ్మ కట్టించింది. నాలుక చాపిన నల్లటి మొహం, గుడ్లు రెండూ బయటికి, అన్నం కంచమంత సైజు. పూర్ణా మార్కెట్లో బేరమాడి తెచ్చిందీ నేనే, బైండింగ్ వైరుతో గట్టిగా బిగించిందీ నేనే. మూడు వారాలు తిరక్కుండానే, ఎండలు ముదిరిన ఓ పొద్దున, నిండు ట్యాంకరుతో ఎత్తు ఎక్కుతూ బండి సగంలో ఆగిపోయింది. టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాటి పోయింది, రేడియేటర్ మూత దగ్గర నీళ్ళు కుతకుతలాడాయి. డ్రైవరు బాబాయి (ఆయనది గాజువాక దగ్గరే, ముప్ఫై ఏళ్ళుగా స్టీరింగు తప్ప ఇంకోటి పట్టని మనిషి) షోరూంకి తీసుకెళితే వాళ్ళు థర్మోస్టాట్ మార్చి పంపారు. అత్తయ్య మాత్రం అసలు సంగతి వేరే ఉందంది. మూడు బ్లాకులవాళ్ళు బాల్కనీల్లోంచి చూస్తున్నారు, అన్ని కళ్ళకి ఆ చిన్న బొమ్మ ఎక్కడ ఆనుతుందంది. నేను వెళ్ళి ఈసారి పెద్ద పళ్ళెమంత బొమ్మ తెచ్చి, అంచుల చుట్టూ ఎర్రగుడ్డ కూడా కుట్టి కట్టాను. పది రోజుల్లో బండి మళ్ళీ మరిగింది.

ఈసారి షోరూంకి నేనూ వెళ్ళాను. గాజువాక దాటాక హైవే పక్కన అద్దాల షోరూం, లోపల ఏసీలో మెరుస్తూ నిలబెట్టిన ఎర్ర ట్రాక్టరు, దాని పక్కన ఎప్పుడూ నవ్వుతూ ఉండే మేనేజరు. ఆయన నన్ను మేడం అన్నాడు. జన్మలో నన్నెవరైనా మేడం అనడం అదే మొదలు. ఆ మాటతో నాకు తల తిరిగిందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను, అప్పుడైతే ఆయన నాకు భయపడ్డాడనుకున్నాను. రెండు రోజులు యూట్యూబు చూసి నేర్చుకున్న ఇంజను విద్యంతా ఆయనమీద ప్రయోగించాను. ఆయన అన్నిటికీ నవ్వుతూ, అలాగే మేడం, చూద్దాం మేడం అని, హెడ్ మెకానిక్‌ని పిలిచాడు. పాతపట్నం మనిషి, తెల్లగడ్డం, అందరూ భాయ్ అంటారు. ఆయన బండిని రెండు గంటలు నిలబెట్టి నడిపి చూసి, ఏ రోగమూ లేదన్నాడు. నాకు ఒళ్ళు మండింది. మా దారిలో మరిగిన బండి మీ గుమ్మంలో మరగకపోవడం ఏమిటని నిలదీశాను. ఆయన తల గీక్కుని, వాటర్ పంపు మార్చి చూస్తానన్నాడు. ఆడలేక మద్దెల ఓడంటున్నారని నేను అక్కడే, అందరి ముందూ అన్నాను.

ఇక్కడ ఓ చిన్న సంగతి చెప్పాలి, నా పరువు అంతా దానిమీదే ఆధారపడి ఉంది. బండి షోరూంకి వెళ్ళిన ప్రతిసారీ అత్తయ్య ముందుగా దిష్టిబొమ్మ విప్పించేది. అక్కడివాళ్ళు ప్రెషర్ పంపు పెట్టి నీళ్ళు కొడతారు, పసుపు కుంకుమలు కారి కాలవలో కలుస్తాయి, అది మంచిది కాదని. బొమ్మ ఇంట్లో దేవుడి గూటి కింద గోడకానుకుని, బండి వచ్చేదాకా మమ్మల్ని వెక్కిరిస్తూ ఉండేది. బండి రాగానే నేను మళ్ళీ బిగించేదాన్ని. కాబట్టి ఆ మెకానిక్ పాపం ఏనాడూ దాన్ని చూడలేదు. ఇదంతా రాస్తుంటే మీకు అర్థమైపోతూనే ఉంటుంది. మీరు ఫిజిక్స్ చదవలేదు మరి.

వాటర్ పంపు మార్చాక కూడా బండి మరిగింది. ఆ వారంలో రెండుసార్లు నీళ్ళు ఆలస్యమయ్యాయి. సెక్రటరీగారు మావయ్యని గేటు దగ్గర నిలబెట్టి, ఇంకొక్కసారి ఆరు దాటితే వేరే ట్యాంకరు చూసుకుంటామని నిదానంగానే చెప్పారట. మావయ్య ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని తినకుండా లేచిపోయాడు. అది చూసి నాకు దుఃఖమూ, కోపమూ కలిసి వచ్చాయి. నాకు దుఃఖం వస్తే ఇంగ్లీషులో ఉత్తరాలు రాసే జబ్బుండేది. మూడు పేజీలు రాశాను. బండి పుట్టుకతోనే లోపభూయిష్టమనీ, మెకానిక్‌కి పని రాదనీ, మేనేజరు నవ్వు వినియోగదారులకు అవమానమనీ, బండి మార్చి కొత్తది ఇవ్వకపోతే తాడో పేడో తేల్చుకుంటామనీ. (తాడో పేడో అన్నదాన్ని ఇంగ్లీషులో పెట్టడానికి నేను పడ్డ పాట్లు వేరే కథ.) మావయ్యని, డ్రైవరు బాబాయిని వెంటబెట్టుకుని షోరూంలోకి నడిచి, ఆ ఎర్ర ట్రాక్టరు బోనెట్ మీద చెయ్యేసి, మాకు ఇదే ఇవ్వండన్నాను.

మేనేజరు ఉత్తరం మొత్తం చదివాడు. తన నవ్వు గురించి రాసిన చోట కూడా నవ్వాడు. చివరికి ఒక మాటకొచ్చాడు. రేపు పొద్దున భాయ్ మా దగ్గరికే వచ్చి, మా దారిలో, మా లోడుతో, మా బండెక్కి వస్తాడు. ఆయన కళ్ళ ముందు మరిగితే కొత్త బండి కోసం కంపెనీకి తనే రాస్తాడు. నేను గెలిచానని మావయ్య వంక చూశాను. మావయ్య మాత్రం, రేపు కూడా మరిగితే మరి ఆరింటికి నీళ్ళెలాగమ్మాయ్ అని మెల్లిగా అడిగాడు. ఆ ప్రశ్న నాకు వినపడింది గానీ చెవికెక్కలేదు.

తీర్పు రోజు కదా, అత్తయ్య నాతో ముచ్చటగా మూడో బొమ్మ తెప్పించింది. జాలీని ఈ చివర్నుంచి ఆ చివరిదాకా కప్పేసే సైజు. దుకాణంవాడు అది బండికి కాదమ్మా, మూడంతస్తుల మేడకి కడతారన్నాడు. మాకు అదే కావాలన్నాను. తెల్లవారుజామునే దాన్ని నాలుగు మూలలా వైరేసి బిగించాను. భాయ్ స్కూటర్ మీద వచ్చి దిగి, బండి ముందు నిలబడి ఆ మొహాన్ని చాలాసేపు చూశాడు. వచ్చి మడ్‌గార్డు మీద డ్రైవరు పక్కన కూర్చున్నాడు. నేనూ మావయ్యా వెనకాల స్కూటీ మీద బయల్దేరాం.

ఎత్తు సగం ఎక్కేసరికి బండి ముందునుంచి ఆవిరి లేచింది. నా జీవితంలో ఆవిరిని చూసి నేనంత సంతోషపడ్డది లేదు. స్కూటీ స్టాండేసి పరుగెత్తుకెళ్ళి, చూశారా అని భాయ్‌ని అడిగి, సంచీలోంచి ఉత్తరం నకలు తీసి రెండో పేజీ చదవడం మొదలెట్టాను. వెనక్కి తిరిగితే మావయ్య కనబడ్డాడు. బండిని చూడ్డం లేదు. పైన కనిపిస్తున్న అపార్ట్‌మెంటునీ, చేతి వాచీనీ మార్చి మార్చి చూస్తున్నాడు. నేను గెలవడమంటే ఆయన ఓడిపోవడమని ఆ రోడ్డు మీద, అంత ఆలస్యంగా, తట్టింది.

భాయ్ ఇంజను ఆపొద్దని డ్రైవరు బాబాయితో చెప్పి, కటింగ్ ప్లేయరు తీసుకుని ముందుకెళ్ళి నాలుగు వైర్లూ కత్తిరించాడు. బొమ్మని జాగ్రత్తగా రెండు చేతులతో దించి నాకు అందించి, ఒక కాగితం ఉంటే ఇమ్మన్నాడు. నా దగ్గరున్న కాగితాలు అవే. మొదటి పేజీ ఇచ్చాను. దాన్ని జాలీ ముందు పెట్టి చెయ్యి వదిలేశాడు. కాగితం కింద పడలేదు. లోపలి ఫ్యాను గాలి లాక్కుంటుంటే, బంక పెట్టి అంటించినట్టు అక్కడే నిలబడింది. నేను ఇంగ్లీషులో రాసిన 'లోపభూయిష్టం' దారిన పోయేవాళ్ళందరికీ కనబడుతూ ఉంది.

"ఈ బండి ఇక్కడినుంచే ఊపిరి తీసుకుంటది బేటీ. నువ్వు ముక్కూ నోరూ మూసేసి, పరిగెత్తమంటన్నావు" అన్నాడు భాయ్.

రెండు చేతుల్లో ఆ పెద్ద నల్లమొహాన్ని పట్టుకుని నేను నిలబడ్డాను. తల కొట్టేసినట్టయింది. రేడియేటరూ, గాలి ప్రవాహమూ, ఉష్ణవినిమయమూ, అన్నీ పరీక్షలో పది మార్కుల ప్రశ్నకి రాసినదాన్నే. బొమ్మ చిన్నదైతే తక్కువ మరిగింది, పెద్దదైతే ఎక్కువ మరిగింది, రోగం ముదిరిందని మేం మందు పెంచుకుంటూ పోయాం, ఆ మందే రోగం. ఇంతలో డ్రైవరు బాబాయి పైనుంచి, ఎవరిమీదా ఏ కోపమూ లేకుండా చెప్పాడు.

"ముల్లు దిగిపోతందమ్మా. నానింక లాగిత్తాను."

లాగించాడు. మేం గేటు చేరేసరికి ఆరూ పది. సెక్రటరీగారు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నారు. ఇన్నాళ్ళూ ఏమిటి కారణమని అడిగారు. నేను నోరు తెరవబోయాను. మావయ్య కావాలంటే కంపెనీ మీద తోసేయొచ్చు, భాయ్ మీద తోసేయొచ్చు, అత్తయ్య మీద కూడా తోసేయొచ్చు. ఆయన నా చేతుల్లో బొమ్మ వంక ఒకసారి చూసి, జరిగిందంతా ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు. చెప్పి, ఎంతో వినయంగా ముగించాడు.

"మా మేనకోడలు ఫిజిక్స్ చదివిందండి. అందుకే కనిపెట్టడానికి ఇన్నాళ్ళు పట్టింది."

సెక్రటరీగారు నవ్వుతారని ఆ మూడు బ్లాకుల్లో ఎవరికీ తెలియదు. ఆ రోజు గేటుకి ఆనుకుని నవ్వారు. వాచ్‌మన్ భయపడి మంచినీళ్ళు తెచ్చాడు. నవ్వు ఆగాక, రేపు మాత్రం ఆరంటే ఆరు అని లోపలికి వెళ్ళిపోయారు. మావయ్య ట్యాంకరు గొట్టం విప్పడానికి వంగి, అలాగే కాసేపు ఉండిపోయాడు. కళ్ళు తుడుచుకున్నాడని నేననుకుంటాను.

నీళ్ళు దిగుతుండగా భాయ్ మడ్‌గార్డు మీద రిపేరు వివరం రాసే జాబ్ కార్డు పెట్టుకుని ఏం రాయమంటావని నన్నే అడిగాడు. పంపు మార్చినప్పుడు బెల్టు వదులుగా బిగించానని రాస్తే నీ మాట నిలబడుతుంది అన్నాడు. తనకి పని రాదని రాసినదాని పరువు కాపాడ్డానికి, నలభై ఏళ్ళు పని చేసిన మనిషి తన పనిలో తప్పుందని రాస్తానంటున్నాడు. నాకు ఏడుపొచ్చింది. కార్డు లాక్కుని, 'గాలికి అడ్డుపెట్టినది కస్టమరు' అని నేనే రాసి సంతకం పెట్టాను. మధ్యాహ్నం షోరూంకి వెళ్ళి ఆ ఉత్తరం వెనక్కి ఇచ్చేయమన్నాను. మేనేజరు ఇచ్చేశాడు. ఆ ఒక్కరోజు మాత్రం ఆయన నవ్వలేదు, కాఫీ తాగుతారా మేడం అని అడిగాడంతే. ఆయన మీద నాకు గౌరవం కలిగింది ఆ క్షణానే.

మావయ్యతో మాత్రం పది రోజులు మాట్లాడలేదు. ఫిజిక్స్ మాట బయటివాళ్ళ ముందు ఎత్తినందుకు. ఆ వేసవి అంతా నీళ్ళు ఆరింటికే చేరాయి. ఆ తర్వాత ఇంకో ట్యాంకరు కూడా వచ్చింది, దానికి అత్తయ్య నిమ్మకాయలతో సరిపెట్టుకుంది. నేను ఇప్పుడు ఓ ఆఫీసులో పని చేస్తున్నాను. నాకు అన్యాయం జరిగిందని తెలిసినా, ఫిర్యాదు రాయాలంటే నాలుగు రోజులు ఆలోచిస్తాను, ఐదో రోజు మానేస్తాను. అలాంటప్పుడు ఆ పిల్ల గుర్తుకొస్తుంది. వేరేవాళ్ళ కొత్త ట్రాక్టరు మీద చెయ్యేసి ఇదే ఇవ్వండన్న పిల్ల. దాన్ని కూర్చోబెట్టి నాలుగు చివాట్లు పెట్టాలనుకుంటాను, తీరా నోరు రాదు. దాని ధైర్యంలో సగం ఇప్పుడు నాకుంటే ఎంత బాగుండేది. తెలివి మాత్రం మొత్తం దాని దగ్గరే ఉంచుకోమనండి.