ఒకే పైపులో లాగిన కేబుల్

కరెంటు వైరూ నెట్ కేబులూ ఒకే పైపులో పోకూడదు. ఈ పనిలోకి వచ్చినప్పుడు నాకు మొదట నేర్పింది ఇదే. రెండింటికీ వేర్వేరు పైపులు వేయాలి, మధ్య ఎడం ఉంచాలి, ఒకదాన్నొకటి దాటాల్సి వస్తే పక్కపక్కన పోనీయకుండా అడ్డంగా దాటించాలి. పరీక్షలో ఇవన్నీ తప్పు లేకుండా రాశాను. కాబట్టి రావల్కోల్ ఇంట్లో నేను చేసింది తెలియక చేసింది కాదు.

అప్పట్లో అల్వాల్‌లో ఉంటూ ఇళ్లకు కెమెరాలు, నెట్ పెట్టే పని చేసేవాణ్ణి. రావల్కోల్‌లో ఒక పటేల్ కొత్తగా రెండంతస్తుల ఇల్లు కట్టుకున్నాడు. వ్యవసాయంతో పాటు ప్లాట్ల వ్యాపారం కూడా ఉన్న మనిషి. ఆ ఇంటి కరెంటు పనంతా నాగారం నుంచి వచ్చే ఒక పెద్దాయన చేశాడు. అరవై దాటినవాడు. గోడలు లేస్తున్నప్పుడే నెట్ కోసం విడిగా పైపు వేసి, దాని మూతికి గుడ్డ కుక్కి, పక్కన గోడ మీద పెన్సిల్‌తో ‘నెట్’ అని రాసి పెట్టాడు.

నేను వెళ్లేసరికి రంగులు కూడా అయిపోయాయి. గృహప్రవేశం ఎల్లుండి. మెట్ల కింద నెట్ సామాను ఉంచే ఇనుప డబ్బా నుంచి పై అంతస్తు కెమెరాకు కేబుల్ లాగాలి. నెట్ పైపులోకి కేబుల్ లాగే స్ప్రింగ్ పంపితే వంపు దగ్గర ఆగిపోయింది. ప్లాస్టరింగ్ అప్పుడు లోపలికి సిమెంటు జారి గట్టిపడినట్టుంది. అక్కడ గోడ మూరెడు పగలగొడితే తేలిపోయే పని. కానీ కొత్త రంగు మీద సుత్తి పెడతానని పటేల్‌తో చెప్పడానికి నాకు నోరు రాలేదు. పక్కనున్న కరెంటు పైపులోంచి కేబుల్ లాగేశాను. ఒకచోట పట్టేసింది. రెండు చేతులతో గట్టిగా గుంజాను. లోపల ఏదో గీసుకుపోతున్నట్టు చేతికి తెలిసింది. తెలిసినా ఆగలేదు.

మూడు వారాల తర్వాత పొద్దున్నే పటేల్ ఫోన్ చేశాడు. “తమ్మీ, మా అమ్మకు షాక్ కొట్టింది. జల్దీ రా.”

వెళ్లేసరికి ఆమె మంచం మీద కూర్చుని ఉంది. మణికట్టుకు కట్టు. మెట్ల కింది ఇనుప డబ్బాను తడిగుడ్డతో తుడుస్తుంటే కొట్టిందట, వెనక్కి పడిందట. ఆ క్షణంలోనే ఇల్లంతా కరెంటు పోయిందట. నాగారం పెద్దాయన నాకంటే ముందే వచ్చి ఉన్నాడు.

ఎవరూ నన్నేమీ అడగలేదు. నేనే ముందు అందుకున్నాను. “నా కేబుల్‌ల షాక్ కొట్టేంత కరెంట్ ఉండదు సార్. కరెంటు వైరింగ్‌ల తప్పే అయితది.”

పెద్దాయన పైకి వెళ్లి స్విచ్ బోర్డు విప్పాడు. మేమూ వెనకే వెళ్లాం. ఎర్ర వైరూ నల్ల వైరూ నడుమ నా నీలం కేబుల్. దాన్ని రెండు వేళ్లతో బయటికి తీసి పట్టుకున్నాడు.

“పటేలా, గిది నా పైపులకెట్లొచ్చింది? నెట్‌కు నేను వేరే పైపు ఏసిన. గీయిన గుంజినప్పుడు నా వైరు మీది తోలు, దీని మీది తోలు రెండూ లేసిపోయినయ్. కరెంటు గీ కేబుల్‌కెక్కి కింద డబ్బాకు దిగింది.”

పటేల్ నా వైపు చూశాడు. అప్పుడైనా నిజం చెప్పి ఉండొచ్చు.

“నెట్ పైపు జామైంది సార్,” అన్నాను. “గీ కాకనే దీంట్లకెళ్లి గుంజుకొమ్మన్నడు.”

“నేనా?” అన్నాడాయన. “నేనెప్పుడన్న బిడ్డా?”

నా భుజాన లాప్‌టాప్ సంచి, ఒంటి మీద ఇస్త్రీ చొక్కా ఉన్నాయి. ఆయన చొక్కాకు సున్నం మరకలు. పటేల్‌కు నా మాటే నిజమనిపించింది. “చేతగాకపోతే పని బందు పెట్టాలె గని, మనుషుల పానం మీదికి తెస్తరా?” అని ఆయన మీద గట్టిగా అరిచాడు. శామీర్‌పేటలో తన తమ్ముడు కడుతున్న ఇంటి పనికి ఇక రావద్దని కూడా అప్పుడే చెప్పేశాడు. పెద్దాయన సామాను సర్దుకుని కిందికి దిగి, ముసలామె దగ్గర ఆగి, “నొప్పి తగ్గిందా పెద్దమ్మా?” అని అడిగి వెళ్లిపోయాడు.

ఆ రోజంతా అక్కడే పనిచేశాను. గోడ పగలగొట్టి, సిమెంటు తీసి, కొత్త కేబుల్‌ను దాని పైపులోంచే లాగాను. గీసుకుపోయిన వైరు తీసేసి కొత్తది వేశాను. మెయిన్ బోర్డు దగ్గర ఉండగా ముసలామె వచ్చి, షాక్ తగిలితే దానంతటదే పడిపోయే స్విచ్చు చూపించింది. “గిదెందుకని నా కొడుకు వద్దన్నడు. ఇంట్ల ముసలోళ్లు, పిల్లలు ఉంటరు, ఉండాలె అని గా కరెంటాయిననే పట్టువట్టి పెట్టించిండు. లేకుంటే నేను పోదును,” అంది. నేను తలెత్తకుండా స్క్రూలు బిగిస్తూ ఉండిపోయాను.

పది రోజులు గడిచాయి. కొత్త ఇంటికి వెళ్లి పైపులో స్ప్రింగ్ పెట్టిన ప్రతిసారీ “నేనెప్పుడన్న బిడ్డా?” అన్న మాట వినిపించేది. ఇక ఆగలేక ఒక ఆదివారం రావల్కోల్ వెళ్లి పటేల్‌కు జరిగింది జరిగినట్టు చెప్పాను. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

“ఇప్పుడైతే మంచిగ నడుస్తాంది గద, ఇగ ఇడిసెయ్ తమ్మీ,” అన్నాడు.

“కాకను మళ్ల పిలువుండ్రి సార్.”

“తమ్మునింట్ల పని వేరేటోళ్లకు ఇచ్చేసినం. కెమెరాలు మాత్రం నువ్వే పెట్టాలె.”

పెట్టనన్నాను. ఎందుకో అతనికి అర్థం కాలేదు.

అక్కణ్ణుంచి నాగారం వెళ్లాను. పెద్దాయన ఇంటి ముందు అరుగు మీద కూర్చుని ఒక పాత ఫ్యాన్ విప్పుతున్నాడు. చెప్పులు విడిచి ఎదురుగా నిలబడ్డాను.

“కాకా, ఆ రోజు నేను అబద్ధం జెప్పిన.”

“నాకెరక లేదా? నేను ఆడనే ఉంటి గద,” అన్నాడు, ఫ్యాన్ మీంచి చూపు తీయకుండా.

పటేల్‌తో అంతా చెప్పేశానన్నాను. ఏమన్నాడని ఆయన అడగలేదు. “గా లేసిపోయిన వైరు మార్చినవా, టేపు సుట్టి ఇడిసినవా?” అన్నాడు.

“మార్చిన కాకా. బోర్డు నుంచి బోర్డు దాక.”

“మంచిగైంది.”

లోపలి నుంచి ఆయన భార్య గ్లాసుతో నీళ్లు తెచ్చింది. ఆయన ఆమె వైపు తిరిగి, “గీయినకొద్దు, పోతాండు,” అన్నాడు. గొంతులో కోపం లేదు. ఆమె గ్లాసు పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది. నేను చెప్పులేసుకుని బయటికి నడిచాను.