స్టేషన్ గోడ రంగు

చరిత్రలో కొన్ని ఘట్టాలు ఎక్కడా నమోదు కాకుండానే పోతాయి. 1984 వసంతంలో, మేడ్రోన్ క్రీక్ అనే ఊళ్ళో, ఎర్విన్ తొమాసీనీ ఒక మంగళవారం పొద్దున కాఫీ కప్పును కిటికీ అంచుకు తరలించి, వంటింటి బల్ల తుడిచి, భూతద్దం చేతపట్టడం అటువంటి ఘట్టమే. రాజ్యాల సరిహద్దులు గీసిన బల్లల దగ్గర కూడా అంత నిశ్శబ్దం ఉండి ఉండదు.

బల్లమీద ఏడు పాత పోస్టుకార్డులు. ఏడింటిలోనూ ఒకటే స్టేషన్. ఒకప్పుడు అక్కణ్ణించి కరెంటు రైలు సాసలిటో రేవుకి పోయేది; అక్కడ పడవెక్కితే శాన్‌ఫ్రాన్సిస్కో. ఆ నీళ్ళమీద వంతెన వచ్చింది, నాలుగేళ్ళలో రైలు పోయింది. ఇప్పుడు ఊరివాళ్ళు ఆ స్థలంలోనే, పాత స్టేషన్ నమూనాలో, బస్సు కోసం నిలబడేవాళ్ళకి చిన్న గది కట్టారు. ఇక పాత స్టేషన్ గోడకున్న రంగే దీనికీ వెయ్యడమొక్కటే మిగిలింది. ఆ రైల్లో రోజూ ఉద్యోగానికి వెళ్ళొచ్చినవాళ్ళలో ఊళ్ళో మిగిలింది ఎర్విన్ ఒక్కడే. కిందటి సభలో లేచి, "రంగు సంగతి నాకొదిలెయ్యండి" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. చిక్కంతా ఆ చప్పట్లతోనే వచ్చింది.

"ఇందులో గోడ పసుపు. ఇందులో ఆకుపచ్చ. దీంట్లో అయితే గులాబీ, నెల్డా!"

అతని భార్య బఠాణీలు ఒలుస్తూ తలెత్తలేదు. "దాంట్లో గుర్రం కూడా గులాబీయే. ఆ నలుపు తెలుపు ఫొటోలకి రంగులద్దినవాళ్ళు జర్మనీలో కూచుని అద్దారు. మన ఊరు వాళ్ళేం చూశారు?"

"ఈ చెట్టు ఇందులో ఎడమవైపుంది. అందులో కుడివైపు."

"నడిచి వెళ్ళిందేమో."

"ఈ కార్డుమీద పక్క ఊరి పేరుంది. బొమ్మ మాత్రం మనదే."

"లేకపోతే మిగతా ఆరూ వాళ్ళవేమో."

ఎర్విన్ భూతద్దం కింద పెట్టేశాడు. ఇంతవరకూ రంగే తెలియలేదు. ఇప్పుడు స్టేషనే తెలియకుండా పోయింది.

"పోనీ, నీకేం జ్ఞాపకం?" అంది నెల్డా. "పదకొండేళ్ళు ఎక్కావుగా."

"గోధుమరంగు... అది బెంచీ రంగేమో మరి."

"సభలో ఇలా నీళ్ళు నమిలావంటే, వచ్చేసారి ముందు వరుసలోంచి లేపి మూడో వరుసలో కూచోబెడతారు నిన్ను."

నిజానికి అతని భయమూ అదే.

శుక్రవారం సభలో అధ్యక్షురాలు మిసెస్ సిల్వేరా కళ్ళజోడు సవరించుకుంది. "చెప్పండి మిస్టర్ తొమాసీనీ. ఊరంతా మీ మాటకోసమే కాచుకునుంది."

ఎర్విన్ లేచాడు. చేతిలో కార్డులు అటూ ఇటూ మార్చాడు. పసుపు అందామనుకున్నాడు.

"నాకు తెలీదండీ," అన్నాడు. "నాది పొద్దున ఏడూ పదిహేడు బండి. రోజూ పరిగెత్తుకుంటూనే వచ్చేవాణ్ణి. సాయంత్రం దిగితే పేపర్లో తలపెట్టుకుని నడిచేవాణ్ణి. ఆ గోడవైపు నేనెప్పుడూ చూడలేదు."

"మరి అంత ధీమాగా ఎలా చెప్పారండీ ఆవేళ?" అన్నారెవరో వెనకనుంచి.

"మీరంతా నన్నే చూస్తుంటే, నాకూ తెలుసేమో అనిపించింది."

శనివారం ఆ గదికి బూడిదరంగు వేశారు. రంగుల కొట్లో సరిపడా డబ్బాలున్నది అదొక్కటే.