ఏకాహం ముగిసినా ఆగని గొంతు

పిలవకముందే వినే శ్రీరామచంద్రునికి ముందుగా నమస్కారం. చెవులున్న మేము వినిపించుకోనివి కూడా ఆయన వింటాడు. ఆ నమ్మకంతోనే ఇది రాస్తున్నాను.

మా బిడ్డకు నడక కంటే ముందు రామనామం వచ్చిందని మెదక్‌లో మా వాడకట్టు వాళ్లు నవ్వేవారు. శనివారం సాయంత్రం రామాలయంలో భజన. దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, వీపు మీద వేళ్లతో తాళం వేస్తూ నేర్పాను.

"కండ్లు మూసుకో బిడ్డా. దిక్కులు చూసుకుంట పిలిస్తే దేవుడు తనను గాదనుకుంటడు."

"దేవుడు గంత ఎడ్డోడా బాపూ?" అనేది. అంటూనే కళ్లు మూసుకునేది.

బడికి పోయే ఈడులో దానికి జ్వరం పట్టింది. దవాఖానలో చాలా రోజులున్నాం. జ్వరం దిగి ఇంటికొచ్చాక ఒక ఉదయం మంచం మీద కూర్చుని, గంజి తాగుతూ అడిగింది.

"ఇయ్యాల ఐతారం గాదా? చర్చి గంట కొడ్తలేరేంది బాపూ?"

ఆ సమయంలో గంట మోగుతూనే ఉంది. నా భార్య చేతిలోని గిన్నె కింద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వినికిడి మళ్లీ రాలేదు. మాటలు కూడా ఒక్కొక్కటే ముద్దగా మారసాగాయి. నామమైనా దాని నోట నిలవాలని రోజూ వీపు మీద తాళం వేసి అనిపించేవాణ్ణి. వీపుకు తెలిసేది. గొంతు గీరగా ఉన్నా అక్షరం తప్పేది కాదు.

ఆ ఏడు శ్రావణంలో ఏకాహం పెట్టారు. పొద్దు పొడుపు నుంచి మరునాటి పొద్దు పొడుపు దాకా నామం తెగకూడదు. ఒక జట్టు నోటి నుంచి ఇంకో జట్టు అందుకోవాలి. నామం నోట ఉండగా మంగళహారతి ఇవ్వరాదు. తెల్లవారుజామున ఆడవాళ్లు, పిల్లల వంతు. బిడ్డ తల్లి పక్కన కళ్లు మూసుకుని కూర్చుంది. తల్లి చెయ్యి దాని వీపు మీద ఉంది.

ఎండ గడప మీద పడగానే తాళాలు ఆగాయి. హారతి గంట కొట్టారు. అందరితో పాటు తల్లి కూడా అలవాటుగా లేచి చేతులు జోడించింది. బిడ్డ మాత్రం ఆపలేదు. గంట ఆగిన నిశ్శబ్దంలో ఒక్క గొంతు, తనకే వినిపించని గొంతు, రామ రామ అంటూనే ఉంది.

"అక్కకు ఇంకా తెల్లారలే!" అని ఎవరో పిల్ల అన్నది. పిల్లలంతా కిసుక్కున నవ్వారు.

భజన పెద్ద, అందరం తాత అని పిలిచే ముసలాయన, పూజారి చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగుండ్రి అయ్యగారూ. నామం నడుస్తుంది. హారతి ఎట్లిస్తరు? కూసోండ్రి అందరు, అందుకోండ్రి!"

అందరం కూర్చున్నాం. దాని వెంట, దాని వేగానికి తగ్గట్టు నామం అందుకున్నాం.

కాసేపటికి బిడ్డ కళ్లు తెరిచింది. గడప దాటి లోపలికి పాకిన ఎండను, పళ్లెంలో వెలిగించకుండా ఉన్న కర్పూరాన్ని, తన వైపే తిరిగి పాడుతున్న ముఖాలను, కళ్లు తుడుచుకుంటున్న తల్లిని చూసింది. పిల్లల మూతుల మీద ఇంకా నవ్వుంది. దానికంతా అర్థమైంది.

"ఎప్పుడో అయిపోయిందా బాపూ?" అన్నది.

నేను తల అడ్డంగా ఊపాను. అది నమ్మలేదు.

ఆనాటి నుంచి బిడ్డ నోట నామం వినలేదు. ఇప్పుడు చీర కట్టే ఈడు. పొద్దున్నే దీపం పెడుతుంది, తులసికి నీళ్లు పోస్తుంది. పెదవి కదపదు. వీపు మీద చెయ్యి వేస్తే మెల్లగా తీసి పక్కన పెడుతుంది.

"లోపల అనుకుంటది తియ్యయ్యా," అంటుంది నా భార్య. ఆ లోపలిది దేవునికి వినిపిస్తుందని శాస్త్రం చదివిన నాకు తెలుసు. తండ్రి చెవులకే అది చాలడం లేదు.

చదివే తల్లులారా, తండ్రులారా, మీ పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని మా బిడ్డ పేరున ఒక్కసారి రామా అనండి. దాని నోట ఆగిన నామాన్ని మీరు అందుకోండి, తెగనివ్వకండి.