సున్నాలతో నింపిన డిస్కు

ఇది రాయడానికి కారణం ఒక్కటే. మూడేళ్లపాటు క్రమం తప్పక రాసుకున్న పరిశీలనలను నా చేతులతో నేనే చెరిపేశాను. అవి ఇప్పుడు నా జ్ఞాపకంలో తప్ప ఎక్కడా లేవు. జ్ఞాపకం నమ్మదగిన సాక్షి కాదని భౌతికశాస్త్రం బోధించినవాడిగా నాకు తెలుసు. కనుక అది మసకబారకముందే కాగితం మీద పెడుతున్నాను.

పదవీ విరమణ తరువాత నంద్యాలలోని నా గదిలో నాకు అబ్బిన అలవాటు ఇది: లోకంలో పట్టుమని పదిమంది కూడా వాడని ఆపరేటింగ్ సిస్టంలను పాత కంప్యూటరులో ఎక్కించి చూడడం. అవి ఉత్సాహవంతులెవరో ప్రయోగం కోసం రాసుకున్నవి. తెర మీద కొన్ని పంక్తులు వచ్చి, చివర చిన్న గీత మిణుకుమంటే అదే విజయం. ఒకసారి పక్క వాటా ఆయనకు చూపించాను. "దీంట్లో సీరియళ్లు వస్తాయా సార్?" అన్నాడు. మళ్లీ ఎవరికీ చూపించలేదు.

వాటిలో ఒకటి నా కంప్యూటరులో వింతగా ప్రవర్తించేది. కీబోర్డు ముందే తగిలిస్తే సగంలో ఆగిపోయేది. ఏడో పంక్తి వచ్చాక తగిలిస్తే చక్కగా లేచేది. దానిని తయారుచేసినాయనకు ఈ సంగతి రాశాను. ఎక్కడో పరదేశం నుంచి రెండు వాక్యాల జవాబు వచ్చింది: ఈ లోపం మరెవరికీ కనబడలేదు, మీ పరిశీలనలన్నీ పంపండి. ఆ జవాబును ఎన్నిసార్లు చదివానో చెప్పుకోవడం నా వయసుకు తగదు.

పంపేముందు సిస్టంను కొత్తగా ఎక్కించి, అన్నీ సరిచూడదలచాను. కంప్యూటరులో డిస్కులు రెండు. సిస్టం ఉన్నదానికి ఒకటి అని, రాతలు ఉన్నదానికి రెండు అని చీటీలు అంటించాను. ఆ సిస్టం మాత్రం డిస్కులను సున్నా నుంచి లెక్కిస్తుంది; నా ఒకటి దానికి సున్నా, నా రెండు దానికి ఒకటి. అది తెలిసీ, చీటీ చూసి ఒకటి నొక్కాను. ఎక్కించే ముందు డిస్కును ఆసాంతం సున్నాలతో నింపడం నా నియమం. అదీ పాటించాను. తీరా చూస్తే పాత సిస్టమే లేచింది. పని జరగలేదనుకుని, ఈసారి సున్నా నొక్కి అంతా మళ్లీ చేశాను. కీబోర్డు తగిలించే ఉన్నా కొత్త సిస్టం ఎక్కడా ఆగకుండా లేచింది. ఆ వింతను రాసుకుందామని రెండో డిస్కు తెరిస్తే, రాతలు లేవు.

మరునాడు డిస్కు పట్టుకుని ఆళ్లగడ్డ బస్సెక్కాను. అహోబిలం జీపులు ఆగేచోట, నాకు ఆ కంప్యూటరు అమ్మిన రిపేరు దుకాణదారు ఉన్నాడు.

"ఏంది సార్, ఈసారి ఏం చెడగొట్టుకోనొచ్చినారు?"

"రాతలన్నీ పోయాయప్పా. వెనక్కి తేగలవా?"

"దాని పైన మళ్లా ఏమన్నా రాసినారా?"

"సున్నాలు. మొదటినుంచి చివరిదాకా."

అతడు స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. "దొంగలు గూడా ఇంత శుభ్రంగా తుడ్సిపోరు సార్. ఇంగ యాడ తెచ్చేది? ఆ సిస్టం ఇప్పుడు బాగానే పన్జేస్తాంది కదా?"

"చేస్తోంది."

"మళ్లేంది మీ బాధ?"

డిస్కును తిరిగి సంచిలో పెట్టుకున్నాను. బాగా పనిచేసే సిస్టం గురించి దాని కర్తకు నేను రాయవలసినదేమీ ఉండదు.

అయినా జరిగినదంతా ఆయనకు రాశాను. జవాబు ఇంకా రాలేదు. ఆ లోపం నిజంగా ఉండేదనడానికి నా మాటే మిగిలింది.

ఏడో పంక్తి అన్నాను, ఆరోది కావచ్చు. కీబోర్డు ఆలస్యంగా తగిలిస్తేనే లేచే సిస్టంను మీలో ఎవరైనా చూసి ఉంటే, నా పొరపాట్లు దిద్దండి. మొహమాటపడవద్దు. అది ఏ పంక్తి దగ్గర ఆగిందో ఒక్క ముక్క రాసినా చాలు.