మార్తమ్మ గారి కుట్టుగుడ్డ

నేను సైన్సు టీచర్ని. దెయ్యం పట్టిందని ఎవరైనా పిల్లని తీసుకొస్తే, ముందు టిఫిన్ తిన్నావా అని అడిగే రకం. కాబట్టి ఇది నమ్మమని ఎవరినీ బతిమాలను. జరిగింది చెబుతాను, అంతే.

రెండువేల సంవత్సరం దాటాక, రాజమండ్రిలో నేను పనిచేసిన మిషన్ ఆడపిల్లల స్కూల్లో, పూర్వ విద్యార్థినుల వస్తువులు దాచడానికి ఒక ఆర్కైవ్ గది పెట్టారు. దాని తాళాలు నాకు అంటగట్టారు. జడ రిబ్బన్లు, ఎనామిల్ పళ్ళాలు, క్రోషియా లేసులు చాలానే వచ్చాయి.

ఒకరోజు తణుకు నుంచి మార్తమ్మ గారు వచ్చారు. ఎనభై దాటిన మనిషి, చిన్నప్పుడు మా హాస్టల్లో ఉండి చదువుకున్నారు. రకరకాల కుట్లు వేసిన తెల్లగుడ్డ ఒకటి ఇచ్చారు. అప్పట్లో ప్రతి పిల్లా అలాంటిది కుట్టాలట. పని నచ్చితే కుట్టు టీచరమ్మ తానే కింది మూల ఆ పిల్ల పేరు కుట్టేవారట. అదే పాసు. ఈవిడ గుడ్డ పూర్తి చేసిన వారంలోనే, తల్లికి జబ్బు చేసిందని తండ్రి ఇంటికి తీసుకుపోయాడు. మూల ఖాళీగా ఉండిపోయింది. టీచరమ్మ ఎప్పుడో కాలం చేశారు.

"పోనీ నేను కుట్టిపెట్టమంటారాండీ?" అన్నాను జాలేసి.

"మీరు కుడితే ఏం లాభమండి? పాస్ చెయ్యాల్సింది ఆవిడ కదండీ," అన్నారు. ఆ వయసులోనూ ఆ దిగులు పోలేదు.

ఫొటో తీయించి, గుడ్డని అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశాను. వేసవి సెలవులయ్యాక తెరిస్తే, కింది మూల ఎర్రదారంతో 'మార్తమ్మ' అని ఉంది. హెడ్మిస్ట్రెస్ గారిని పిలిచి చూపించాను. ఫొటోలో ఆ మూల తెల్లగానే ఉంది. తాళంచెవి సెలవులంతా మా ఇంట్లోనే ఉంది, మరొకటి లేదు. దారమైనా కొత్తదా అంటే కాదు. మిగతా కుట్లలాగే వెలిసిపోయి ఉంది.

భయం వేయలేదని అనను. కానీ ఎందుకో, భయం కన్నా సంతోషమే ఎక్కువ కలిగింది.

కబురు చేస్తే మార్తమ్మ గారు మర్నాడే దిగారు. గుడ్డ తిరగేసి, పేరు వెనకవైపు వేలితో తడిమారు.

"ముడి లేదు చూశారా? మా టీచరమ్మ ముడి వేసేవారు కాదండి. దారం కొస కుట్ల కిందకి దూర్చేసేవారు," అన్నారు. ఆవిడ ముఖం వెలిగిపోయింది.

ఎవరు కుట్టారో, ఎలా కుట్టారో, ఇన్నేళ్ళుగా బుర్ర బద్దలు కొట్టుకున్నా నాకు అంతుపట్టలేదు. ఆవిడ మాత్రం ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. "పాసయ్యానని ఇంట్లో చెప్పాలండి, బస్టాండుకి ఆటో పిలిపించండి," అని ఒకటే తొందర.